కెనడా, కెనేడియన్: ఇంగ్లీషు పొడుగు మాటలలో ఊనిక

కెనడా అన్న మాటను ఆ దేశంలో పుట్టి పెరిగినవారు పలికేటప్పుడు బరువంతా మొదటి అక్షరం మీద వేస్తారు: ‘క్యా’-న-డ. అదే మాట విశేషణమై కెనేడియన్ అయినప్పుడు బరువు రెండవ అక్షరానికి జరుగుతుంది: క-‘నే’-డి-అన్. రాతలో మొదటి ఐదు వర్ణాలూ మారలేదు. చెవికి మాత్రం ఆ రెండు మాటల్లోనూ ఒక్క అచ్చు కూడా ఒకేలా వినిపించదు. మొదటి మాటలో ‘క్యా’ అని నిండుగా పలికిన అచ్చు రెండవ మాటలో ‘క’ అని నలిగిపోయింది. మొదటి మాటలో నలిగిన ‘న’ రెండవ మాటలో ‘నే’ అయి సాగింది.

తెలుగు నోటిలో ఈ రెండు మాటలూ కె-న-డా, కె-నే-డి-య-న్ అని దాదాపు సమానమైన అడుగులతో నడుస్తాయి. ఏ అక్షరమూ నలగదు, ఏ అక్షరమూ పొంగదు. రాసిన ప్రతి అక్షరానికీ దాని వాటా దక్కాలన్నది తెలుగు ఉచ్చారణ ధర్మం. ఇంగ్లీషు ధర్మం అది కాదు. పొడుగాటి మాటలో ఒక అక్షరాన్ని ఎత్తి, సాగదీసి, స్పష్టంగా పలికి, మిగిలిన వాటిని ఎంత తొందరగా దాటిపోతే అంత సహజమని ఆ భాష భావిస్తుంది. ఈ ఎత్తిపలకడాన్నే భాషాశాస్త్రంలో ఊనిక అంటారు. ఈ వ్యాసంలో ఊనిక పడే అక్షరాన్ని, పైన చేసినట్టే, విడదీసిన మాటలో ఒంటి కొటేషన్ గుర్తుల మధ్య చూపడం జరిగింది.

ఊనిక తప్పితే నష్టమేమిటి? సభలోనో విందులోనో అయితే పెద్ద నష్టం లేదు. ఎదుటివారు ఒక క్షణం ఆగి, సందర్భాన్ని బట్టి అర్థం చేసుకుంటారు. ఆస్పత్రిలో అలా కాదు. హైడ్రలజీన్ రక్తపోటు తగ్గించే మందు. హైడ్రాక్సిజీన్ దురదకూ ఆందోళనకూ ఇచ్చే మందు. ఒకదాని బదులు ఒకటి రోగికి చేరే ప్రమాదం ఉన్న జంటగా మందుల భద్రతను పరిశీలించే సంస్థలు వీటిని చాలాకాలంగా పేర్కొంటున్నాయి. రెండింటికీ నాలుగేసి అక్షరాలు. మొదలు ఒకటే, ముగింపు ఒకటే. తేడా అంతా నడుమనే ఉంది, ఊనిక పడేది కూడా సరిగ్గా అక్కడే: హై-‘డ్రా’-ల-జీన్, హై-‘డ్రాక్’-సి-జీన్. మొదటి ‘హై’ మీద బరువు వేసి తక్కినదంతా ఒకే వేగంతో దొర్లించేస్తే, వినేవారికి ఆ రెండు మందులనూ వేరుచేసే ఏకైక ఆధారం మసకబారుతుంది. అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ 2001లో ఇటువంటి జంటలను కంటికి వేరుగా కనిపించేలా, భేదం ఉన్న భాగాన్ని పెద్దబడి అక్షరాలలో ముద్రించే పద్ధతిని ప్రోత్సహించింది. కాగితం మీద పెద్దబడి చేసే పనిని నోటిమాటలో ఊనిక చేస్తుంది.

యాసా, స్పష్టతా

ఇక్కడ ఒక అపోహను పక్కన పెట్టాలి. ఉత్తర అమెరికాలో స్థిరపడిన భారతీయులకు ‘యాస తగ్గించే’ తరగతులు అమ్మే వ్యాపారం ఒకటుంది. యాస ఉండటమే దోషమన్నది ఆ వ్యాపారానికి పెట్టుబడి. కెనడాలోనే జరిగిన పరిశోధన దీనికి భిన్నంగా చెబుతుంది. సైమన్ ఫ్రేజర్ విశ్వవిద్యాలయానికి చెందిన మరీ మన్రో, అల్బర్టా విశ్వవిద్యాలయానికి చెందిన ట్రేసీ డర్వింగ్ 1995లో ప్రచురించిన అధ్యయనంలో మూడు విషయాలను విడదీశారు: యాస ఎంత బలంగా ఉంది, వినడానికి ఎంత శ్రమ అవుతోంది, చివరికి మాట అర్థమయిందా లేదా. యాస చాలా ఎక్కువగా ఉందని శ్రోతలు గుర్తించిన వాక్యాలను కూడా అదే శ్రోతలు చాలాసార్లు పొల్లుపోకుండా రాసి ఇచ్చారు. అంటే యాస ఒకటి, అర్థం కాకపోవడం ఒకటి. ‘ట’ను మూర్ధన్యంగా పలికినందువల్ల, ‘వ’ వర్ణాలు రెండింటినీ కలిపేసినందువల్ల తెలుగు డాక్టరు మాట రోగికి అందకుండా పోవడం అరుదు.

మరి అందకుండా చేసేదేమిటి? ఈ ప్రశ్నకు మొదటి జవాబులలో ఒకటి హైదరాబాదు నుంచే వచ్చింది. ఆర్. కె. బన్సల్ భారతీయుల ఇంగ్లీషు ఇతర దేశాల శ్రోతలకు ఏ మేరకు అర్థమవుతుందో కొలిచి చూశారు. ఆ గ్రంథాన్ని 1969లో హైదరాబాదులోని సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్ ప్రచురించింది. నేటి ఇఫ్లూ ఆ సంస్థకు వారసురాలే. మాటలో ఊనిక తప్పుచోట పడటం ముఖ్యమైన ఆటంకాలలో ఒకటని ఆయన తేల్చారు. తరువాత 2005లో జాన్ ఫీల్డ్ మరో మెట్టు ఎక్కి, ఊనిక ఉండవలసిన చోటికి ఎడమవైపు జరగడం కంటె కుడివైపు జరగడం ఎక్కువ చేటు చేస్తుందని చూపారు. కారణం ఊహించదగినదే. సంభాషణలో వాడే ఇంగ్లీషు పదాలలో, సహాయక పదాలను మినహాయిస్తే, దాదాపు 90 శాతం బలమైన అక్షరంతో మొదలవుతాయని ఆన్ కట్లర్, డేవిడ్ కార్టర్ 1987లో లెక్కగట్టారు. కాబట్టి ఇంగ్లీషు చెవి బలమైన అక్షరం వినపడగానే అక్కడొక కొత్త మాట మొదలైందేమోనని వెతకడం మొదలుపెడుతుంది. తప్పుచోట పడిన ఊనిక శ్రోతను తప్పు నిఘంటువు పుటకు పంపిస్తుంది.

అక్షరం అంటే ఏది?

ఊనిక ఎక్కడుందో వెతకాలంటే ముందు మాటను అక్షరాలుగా విడదీయాలి. ఇంగ్లీషులో విడదీయడాలు రెండున్నాయి, వాటిని కలిపేయడం వల్ల చాలామంది తికమక పడుతుంటారు. ఒకటి, వరుస చివర మాట పట్టనప్పుడు అడ్డగీత పెట్టి విరవడం. ఇది ముద్రాపకుల అవసరం. నిఘంటువుల్లో మాట నడుమ చుక్కలతో చూపేది ఇదే. ఇందులో బ్రిటిషు సంప్రదాయం మాట పుట్టుకకు, అమెరికా సంప్రదాయం మాట పలుకుబడికి పెద్దపీట వేశాయి. నాలెడ్జ్ అన్న మాటను ఒకరు ‘నో’ అన్న ధాతువు దగ్గర విరిస్తే, మరొకరు ‘నాల్’ దగ్గర విరుస్తారు. కంప్యూటరుకు ఈ పని నేర్పడం కోసం స్టాన్‌ఫర్డ్‌లో డొనాల్డ్ క్నూత్ శిష్యుడు ఫ్రాంక్ లియాంగ్ 1983లో ఏకంగా పీహెచ్‌డీ సిద్ధాంతగ్రంథమే రాశాడు. ఊనికకు మాత్రం ఈ విరుపుతో పనిలేదు.

రెండవది చెవికి సంబంధించిన విభజన. ఒక అచ్చు, దాని ముందు వెనుకల అతుక్కునే హల్లులు కలిసి ఒక అక్షరం. ఎన్ని అచ్చులు వినిపిస్తే అన్ని అక్షరాలు. ఎన్ని రాశారన్నది లెక్క కాదు. టొరాంటో శివార్లలోని ఇటోబికో పేరు చివర ఒక కకారమూ ఒక ఎకారమూ రాస్తారు. రెండూ పలకవు. పలికేవి నాలుగే అక్షరాలు: ఇ-‘టో’-బి-కో.

తెలుగు మాధ్యమంలో చదివినవారికి ఇక్కడ ఒక చిన్న ఇబ్బందీ, దాన్ని మించిన ఒక పెద్ద సౌలభ్యమూ ఉన్నాయి. ఇబ్బంది లిపి వల్ల వస్తుంది. ‘పద్మ’ అని రాసినప్పుడు కంటికి ప, ద్మ అని రెండు ముక్కలు కనిపిస్తాయి. నోరు మాత్రం పద్-మ అని విరుస్తుంది. ఇంగ్లీషు మాటను తెలుగు లిపిలో ఊహించుకుంటే హల్లులన్నీ ముందుకు జరిగి తరువాతి అక్షరానికి ఒత్తులై వేలాడతాయి. సౌలభ్యం ఛందస్సు వల్ల వస్తుంది. ‘పద్మ’లో ‘ప’ హ్రస్వమే అయినా దాన్ని గురువుగా లెక్కించాలని ఎనిమిదో తరగతి తెలుగు మాస్టారు చెప్పి ఉంటారు: సంయుక్తాక్షరానికి ముందున్నది గురువు. ఎందుకని అడిగిన విద్యార్థులు తక్కువే. సంయుక్తంలోని మొదటి హల్లు వెనక్కి వచ్చి ‘ప’ను మూసేస్తుంది, మూసుకున్న అక్షరం పలకడానికి రెండు మాత్రలు పడుతుంది. లాక్షణికులు లిపిని దాటి చెవిని నమ్మారు. దీర్ఘాచ్చు ఉన్నది గురువు, సున్న ఉన్నది గురువు, పొల్లుతో మూసుకున్నది గురువు, సంయుక్తానికి ముందున్నది గురువు, మిగిలినవి లఘువులు. ఉత్పలమాల గణాలు విభజించి మార్కులు తెచ్చుకోవడానికే పనికొచ్చిందనుకున్న ఈ లెక్క ఇంగ్లీషు పొడుగు మాటలకు నేరుగా వర్తిస్తుంది.

ఎలాగంటే, ఇంగ్లీషులోని పొడుగు మాటలలో అత్యధికం లాటిన్ నుంచీ, లాటిన్ ద్వారా గ్రీకు నుంచీ వచ్చినవి. లాటిన్‌లో ఊనిక నియమం చాలా సరళమైనది. క్రీస్తుశకం మొదటి శతాబ్దంలో క్వింటిలియన్ తన అలంకారశాస్త్ర గ్రంథంలో దాన్ని వివరించాడు. చివరి అక్షరాన్ని వదిలేయాలి. చివరినుంచి రెండవ అక్షరాన్ని చూడాలి. అది గురువైతే ఊనిక దానిమీద. లఘువైతే ఊనిక దానికి ముందరి అక్షరం మీద. అంతే. దీర్ఘాచ్చు ఉన్నా, వెనుక రెండు హల్లులున్నా గురువు అన్న లాటిన్ నిర్వచనం తెలుగు ఛందస్సు నిర్వచనంతో అచ్చంగా సరిపోతుంది. 1968లో నోమ్ చామ్‌స్కీ, మారిస్ హాలే ఇంగ్లీషు ధ్వనివ్యవస్థ మీద రాసిన బృహద్గ్రంథంలో, ఇంగ్లీషు మాటల ఊనికకు కూడా ఇదే నియమం వెన్నెముక అని చూపించారు.

కెనడా పటం మీద పరీక్ష

నియమం లాటిన్ మాటలకు పనిచేయడం వింత కాదు. లాటిన్‌తో ఏ బాంధవ్యమూ లేని మాటలకు కూడా ఇంగ్లీషు నోరు అదే నియమాన్ని తొడుగుతుందని కెనడా పటం చూస్తే తెలుస్తుంది. ఆ దేశపు ఊళ్ల పేర్లలో ఎన్నో ఆదివాసీ భాషల నుంచి వచ్చినవి; కెనడా అన్న పేరే సెయింట్ లారెన్స్ నది ఒడ్డున ఇరోక్వాయన్ భాషలో ‘ఊరు’ అన్న మాట. టొరాంటో మోహాక్ మాట, విన్నిపెగ్, సస్కాచెవాన్ క్రీ భాషా పదాలు. వాటి మూల భాషల్లో పలుకుబడి వేరు. ఇంగ్లీషు వలసదారుల నోట పడేసరికి అన్నీ గురులఘువుల జల్లెడలోంచి జారాయి.

టొరాంటోలో చివరినుంచి రెండవ అక్షరం ‘రాన్’, నకారంతో మూసుకుంది, గురువు. కనుక ట-‘రాన్’-టో. అల్బర్టాలో ‘బర్’ గురువు: అల్-‘బర్’-ట. మానిటోబాలో ‘టో’ దీర్ఘం: మా-ని-‘టో’-బ. మిసిసాగాలో ‘సా’ దీర్ఘం: మి-సి-‘సా’-గ. వాంకూవర్‌లో ‘కూ’ దీర్ఘం: వాన్-‘కూ’-వర్. ఇక ఒట్టావాలో రెండవ అక్షరం తేలిక ‘ట’ మాత్రమే, లఘువు. ఊనిక ఇంకొక అడుగు వెనక్కి వెళ్లింది: ‘ఆ’-ట-వ. తెలుగువారు ఆ ‘టా’ను సాగదీయడం వల్లనే మాట చెవికి పరాయిగా వినిపిస్తుంది. కాల్గరీలో ‘గ’ లఘువు: ‘క్యాల్’-గ-రి. విన్నిపెగ్‌లో ‘ని’ లఘువు: ‘వి’-ని-పెగ్. సస్కాచెవాన్‌లో చివరినుంచి రెండవదైన ‘చ’ లఘువు: స-‘స్క్యా’-చ-వన్. ఆంటారియోలో ‘రి’ లఘువు: ఆన్-‘టే’-రి-ఓ. నయాగరాలో ‘గ’ లఘువు: నై-‘యా’-గ-ర. ఈ చివరి మాటను మాత్రం తెలుగువారు మొదటినుంచీ సరిగానే పట్టుకున్నారు. ఇంగ్లీషు ఊనికను దీర్ఘంగా మార్చి ‘యా’ అని తెచ్చుకున్నారు.

రిజైనా సంగతి మరీ ముచ్చటైనది. సస్కాచెవాన్ రాజధానికి 1882లో విక్టోరియా రాణి గౌరవార్థం ఆ పేరు పెట్టారు. లాటిన్‌లో రాణి అని అర్థం. మూలంలో నడిమి అచ్చు దీర్ఘం, కనుక ఊనిక దానిమీదే. ఇంగ్లీషు ఆ దీర్ఘ ఈకారాన్ని ‘ఐ’గా మార్చుకుంది: రి-‘జై’-న. దీన్ని రెజినా అని హ్రస్వంతో చదివితే ఊనిక మొదటి అక్షరానికి జారిపోతుంది. ఒక్క మాత్ర పొరపాటు రెండు తప్పులకు దారితీస్తుందన్నమాట.

లాటిన్‌కూ తెలుగుకూ మరొక సూక్ష్మమైన పోలిక ఉంది. తెలుగులో అద్రుచు, విద్రుచు వంటి మాటలలో రేఫను తేల్చి పలికితే ముందరి అక్షరం గురువు కానక్కరలేదని లాక్షణికులు సడలింపునిచ్చారు. లాటిన్ కవులకూ అచ్చంగా ఇదే సడలింపు ఉంది: స్పర్శం తరువాత రేఫ వస్తే ముందరి హ్రస్వం లఘువూ కావచ్చు, గురువూ కావచ్చు. దీని ప్రభావం నేటి ఆస్పత్రి వార్డుల్లో కూడా వినిపిస్తుంది. మెదడుకు సంబంధించిన సెరిబ్రల్ అన్న విశేషణాన్ని కొందరు డాక్టర్లు ‘సె’-రి-బ్రల్ అనీ, కొందరు స-‘రీ’-బ్రల్ అనీ పలుకుతారు. ‘బ్ర’కు ముందున్న అక్షరం లఘువా గురువా అన్న పాత సందేహమే ఆ రెండు ఉచ్చారణలకూ మూలం. వెన్నుపూసకు పేరైన వర్టెబ్రాలో మాత్రం అందరూ లఘువుగానే తీసుకుని ‘వర్’-ట-బ్ర అంటారు.

మందులూ రోగాలూ

వైద్యపదాలు ఈ నియమానికి అత్యంత విధేయమైనవి. ఇన్సులిన్‌ను 1921–22లో టొరాంటో విశ్వవిద్యాలయంలో బాంటింగ్, బెస్ట్, కాలిప్, మెక్లియాడ్ వెలికితీశారు. పేరు లాటిన్‌లో ద్వీపం అన్న అర్థమున్న ‘ఇన్సులా’ నుంచి వచ్చింది, క్లోమంలోని కణద్వీపాలే దాని పుట్టిల్లు కనుక. చివరినుంచి రెండవది ‘సు’, లఘువు. ఊనిక మొదటిదానిపై: ‘ఇన్’-స-లిన్. హెపరిన్, ఆస్పిరిన్, వార్ఫరిన్ అన్నీ ఇదే తీరు. వార్ఫరిన్ లాటిన్ మాట కూడా కాదు. విస్కాన్సిన్‌లోని ఒక పరిశోధన సంస్థ పేరులోని పొడి అక్షరాలకు తోక తగిలించి అల్లిన పేరు. అయినా ‘వార్’-ఫ-రిన్ అనే పలుకుతారు. డిగాక్సిన్‌లో ‘గాక్స్’ రెండు హల్లులతో మూసుకుంది: డి-‘గాక్’-సిన్. మెట్‌ఫార్మిన్‌లో ‘ఫార్’ గురువు. ఎరిత్రోమైసిన్‌లో ‘మై’ గురువు. భారతదేశంలో పారాసెటమాల్ అనే మందును కెనడాలో అసిటమినఫెన్ అంటారు. కొత్తగా వచ్చిన డాక్టర్లను తడబెట్టే ఈ ఆరక్షరాల మాటలో చివరినుంచి రెండవది లఘువు, కాబట్టి ఊనిక మూడవదానిమీద: అ-సీ-ట-‘మి’-న-ఫెన్. పారాసెటమాల్‌కూ అంతే: పా-ర-‘సీ’-ట-మాల్.

ఒక జాగ్రత్త మాత్రం అవసరం. మాత్రలు లెక్కించవలసింది ఇంగ్లీషు రాతను చూసి, తెలుగు లిప్యంతరీకరణను చూసి కాదు. పెనిసిలిన్ అని తెలుగులో రాస్తే ‘సి’ లఘువులా కనిపిస్తుంది. ఇంగ్లీషు రాతలో దాని తరువాత లకారం ద్విత్వం. ద్విత్వానికి ముందున్నది గురువు. అందుకే పె-ని-‘సి’-లిన్, అ-మాక్-సి-‘సి’-లిన్.

రోగాల పేర్లలో చివరి భాగాన్ని చూస్తే చాలు. వాపును సూచించే ‘ఐటిస్’లో ఐకారం ఎప్పుడూ గురువు: అ-పెన్-డి-‘సై’-టిస్. గడ్డను సూచించే ‘ఓమా’లో ఓకారం గురువు: కార్-సి-‘నో’-మ. ‘ఓసిస్’లోనూ అంతే: థ్రాంబోసిస్, స్క్లెరోసిస్, ట్యుబర్క్యులోసిస్. కానీ ‘అసిస్’, ‘లిసిస్’ అంటూ హ్రస్వంతో ముగిసేవాటిలో ఊనిక ఒక అడుగు వెనక్కి వెళుతుంది. డయాగ్నోసిస్, డయాలిసిస్ పక్కపక్కనే పెట్టి పలికి చూడవచ్చు: డై-అగ్-‘నో’-సిస్, డై-‘యా’-లి-సిస్. రెండింటికీ నాలుగేసి అక్షరాలే. తేడా ఒక్క దీర్ఘం. మెటాస్టసిస్ రెండవ జాతికి చెందినది: మ-‘టాస్’-ట-సిస్. క్యాన్సరు వ్యాపించిందన్న వార్తను రోగికి చెప్పే ఘడియలో ఆ మాట మొదటిసారే స్పష్టంగా వినపడాలి. మళ్లీ చెప్పమని అడిగించుకోవలసిన మాట కాదది.

ఇంగ్లీషు శిక్షణ పుస్తకాలు ప్రత్యయాల జాబితాలిచ్చి బట్టీ పట్టమంటాయి: లాజీకి ముందు, గ్రఫీకి ముందు, టమీకి ముందు, ఇటీకి ముందు, ఇయన్‌కు ముందు. జాబితా అక్కరలేదు. బయాలజీ, ఫొటాగ్రఫీ, టాన్సిలెక్టమీ, ఎబిలిటీ, కెనేడియన్ అన్నింటిలోనూ చివరినుంచి రెండవ అక్షరం లఘువు. ఊనిక మూడవదానికి వెళ్లడం తప్ప మరో దారి లేదు. ఒక్క ‘ఇక్’ ప్రత్యయమే అడ్డం తిరిగినట్టు కనిపిస్తుంది: డై-అ-‘బె’-టిక్‌లో ఊనిక చివరినుంచి రెండవదైన లఘువు మీద పడింది. దీనికి చామ్‌స్కీ, హాలే చెప్పిన ఉపాయం చమత్కారంగా ఉంటుంది. ఆ మాట చివర కనపడని ‘అల్’ ఒకటి ఉందనుకోవాలి. మెడికల్, క్లినికల్ ధోరణిలో ‘డయాబెటికల్’ అని ఊహిస్తే ‘టి’ లఘువవుతుంది, ఊనిక ‘బె’ మీద కుదురుకుంటుంది. పాలిటిక్స్, అరిత్మటిక్, క్యాథలిక్, ఆర్సెనిక్ లాంటి కొన్ని ఈ ఉపాయానికీ లొంగవు. వాటిని విడిగా గుర్తుపెట్టుకోవలసిందే.

మత్తుమందు కుటుంబం ఒక్కటి తీసుకుంటే ఊనిక ఎంతగా సంచరిస్తుందో తెలుస్తుంది: అ-నస్-‘థీ’-జ, అ-నస్-‘థె’-టిక్, అ-‘నెస్’-థ-టిస్ట్, అ-నస్-థీ-జి-‘యా’-ల-జీ. ధాతువు ఒకటే. దాన్ని ఒకే తీరుగా నాలుగుసార్లు పలికితే నాలుగింట కనీసం రెండు తప్పుతాయి.

లెక్క తప్పే చోట్లు

అచ్చమైన ఇంగ్లీషు పుట్టుక గల మాటలు లాటిన్ లెక్కను లక్ష్యపెట్టవు. అవి మొదటి అక్షరాన్నే పట్టుకుంటాయి. ఎడ్మంటన్‌లో నడిమి అక్షరం నకారంతో మూసుకున్న గురువే, అయినా ఊనిక ‘ఎడ్’ మీద. అది ఇంగ్లండులోని ఊరి పేరు కాబట్టి. హామిల్టన్ కూడా అంతే. ఫ్రెంచి వాసన ఉన్నవి చివరి అక్షరం మీద ఒరుగుతాయి: క్విబెక్, మాంట్రియాల్, రెఫ్యూజీ, ఇంజనీర్ మాటల్లో చివరి ‘జీ’, ‘నీర్’. ఇంజనీర్లు నిండిన తెలుగు సమాజంలో ఆ మాట మొదటి అక్షరం మీద బరువుతో చలామణి కావడం ఒక వైచిత్రి. న్యూఫౌండ్లాండ్ విషయంలో స్థానికులకు పట్టింపు ఎక్కువ. చివరి ‘లాండ్’ మీద ఊని, అండర్‌స్టాండ్‌తో ప్రాస కుదిరేలా పలకాలని వారే నేర్పుతారు.

సిలిండర్, క్యాలెండర్, రిజిస్టర్, మినిస్టర్ మరొక రకం చిక్కు. గురువు నడుమ ఉంది కనుక తెలుగువారు సహజంగానే సి-‘లిం’-డర్, కే-‘లెం’-డర్ అంటారు. నియమం ప్రకారం అది ఒప్పు, వాడుక ప్రకారం తప్పు. ఇంగ్లీషువారు ‘సి’-లిన్-డర్, ‘క్యా’-లన్-డర్ అంటారు. సిలిండ్రికల్, మినిస్ట్రీ, రిజిస్ట్రీ అన్నప్పుడు రేఫకు ముందున్న చివరి అచ్చు మాయమవుతుంది. అంటే ఆ అచ్చు పలకడానికి వీలుగా వచ్చి చేరినదే. దాన్ని లెక్కలోంచి తీసేస్తే మిగిలేవి రెండక్షరాలు. రెండక్షరాల నామవాచకాలలో ఊనిక సాధారణంగా మొదటిదానిమీదే. తెలుగు చెవి చేసే కొన్ని తప్పులు అజ్ఞానం వల్ల కాక, గురువును గౌరవించడం వల్ల జరుగుతాయన్నది ఇక్కడ గమనించదగిన విషయం.

కిలోమీటరు దగ్గర స్థానికులకే ఏకాభిప్రాయం లేదు. కెనడా రహదారుల మీది గుర్తులు 1977లో మైళ్లనుంచి కిలోమీటర్లకు మారాయి. సెంటీమీటరుతో పోల్చుకునేవారు ‘కి’-ల-మీ-టర్ అంటారు, ఎందుకంటే అది కొలత. థర్మామీటరుతో పోల్చుకునేవారు కి-‘లా’-మి-టర్ అంటారు, ఎందుకంటే లాటిన్ లెక్క అలాగే చెబుతుంది. థ-‘మా’-మి-టర్ వంటి కొలిచే సాధనాలలో మాత్రం రెండో మాట లేదు. తెలుగులో ఆ ‘మీ’ను దీర్ఘం చేయడంతో లెక్క అంతా తారుమారయింది.

నలగవలసినవి నలగాలి

ఊనిక ఎక్కడో తెలిసినంత మాత్రాన పని పూర్తి కాదు. చాలామంది ఒక అక్షరాన్ని గట్టిగా పలికి, మిగిలినవాటిని కూడా యథాతథంగా నిండు అచ్చులతో పలుకుతారు. ఫలితం కేకలా ఉంటుంది తప్ప ఇంగ్లీషులా ఉండదు. ఇంగ్లీషు చెవి బరువైన అక్షరాన్ని గుర్తించేది గొంతు పెద్దది కావడం వల్ల మాత్రమే కాదు, పక్కవి చిన్నవి కావడం వల్ల కూడా. ఊనిక లేని చోట అ, ఎ, ఒ ఏది రాసినా అది తరచు తెలుగు ‘అ’కు దగ్గరి ధ్వనిగా అణిగిపోతుంది. ఆ ధ్వని తెలుగు నోటికి కొత్తది కాదు, పలకడం కష్టమూ కాదు. రాసిన వర్ణాన్ని అలా నలపడానికి మనసొప్పకపోవడమే కష్టం. చదివింది చదివినట్టు పలకాలని చిన్ననాడు నేర్పిన క్రమశిక్షణను వదులుకోవలసి వస్తుంది. పుస్తకంలోంచి ఇంగ్లీషు నేర్చుకున్నవారికి ఇది మరీ బరువు.

ఈ రెండు పనులూ ఒకేసారి అవసరమయ్యే అతి చిన్న ఉదాహరణ అంకెల్లో ఉంది. ఫిఫ్టీన్ విడిగా పలికితే ఊనిక చివర: ఫిఫ్-‘టీన్’. ఫిఫ్టీలో మొదట: ‘ఫిఫ్’-టి. తెలుగు పలుకుబడిలో రెండూ ఫిఫ్ మీదే మొదలై, చివరి నకారం ఒక్కటే తేడాగా మిగులుతుంది. పదిహేను మిల్లీగ్రాములు యాభై అయ్యేది అక్కడే. పైగా ఇంగ్లీషులోనే మరో మెలిక ఉంది. వెనుక వెంటనే మరో బలమైన అక్షరం వస్తే రెండు ఊనికలు ఢీకొనకుండా ఫిఫ్టీన్ తన ఊనికను ముందుకు జరుపుకుంటుంది: ‘ఫిఫ్’-టీన్ ‘మి’-లి-గ్రామ్స్. అంటే మోతాదు చెప్పే వాక్యంలో, సరిగ్గా అవసరమైన చోట, పుట్టు ఇంగ్లీషువారి నోట కూడా ఆ తేడా పలచబడుతుంది. ‘టీన్’లోని దీర్ఘమూ నకారమూ మాత్రమే దిక్కు. అందుకే నోటితో చెప్పే మందుల ఆదేశాలలో మోతాదును ఒకసారి మామూలుగా చెప్పి, వెంటనే ‘ఒకటి, ఐదు’ అని అంకెలు విడివిడిగా చెప్పాలనీ, విన్న నర్సు దాన్ని తిరిగి చదివి వినిపించాలనీ మందుల భద్రతా సంస్థలు సూచిస్తాయి. ఈ సూచన వలస వచ్చిన డాక్టర్ల కోసం పుట్టినది కాదు. టొరాంటోలో పుట్టినవారికీ, తెనాలిలో పుట్టినవారికీ అది ఒక్కటే.